మోడెముకు జంపరు మార్చిన వైనం

ఇకమీదట బంగాళాఖాతంలో దిగే ప్రతి చేపల పడవా తెనాలి ఇచ్చిన నంబరుతోనే దిగుతుందని చిన్నపడవల శాఖ మంత్రి దశరథరామయ్య గారు 1996 ఆగస్టులో ప్రకటించారు. తెనాలికి సముద్రం లేదు కదండీ అని సభలో ఎవరో అడిగారు. లేకపోవడమే తెనాలికి ఉన్న అర్హత అని, సముద్రమున్న ఊళ్లకు పక్షపాతం ఉంటుందని మంత్రిగారు జవాబిచ్చారు. ఆ క్షణం నుంచీ ఆయన మీద నాకు గౌరవం స్థిరపడిపోయింది.

నేను తెనాలిలో ఒక దినపత్రికకు విలేకరిని. మంత్రిగారు మా ఊరివారు కావడం వల్ల నాకు వార్తల కొరత ఎప్పుడూ లేదు. ఆయన నవ్వితే ఒక వార్త, నవ్వకపోతే రెండు వార్తలు. ఆయనకు చిన్నప్పటి నుంచీ నీళ్లంటే భయం. కారు కాలవ వంతెన ఎక్కితే కళ్లు మూసుకుంటారు. అటువంటి మనిషి ఏరికోరి పడవల శాఖ తీసుకున్నారంటే దాన్ని త్యాగం అనక ఏమంటామని అప్పట్లోనే రాశాను. మొదటి పేజీలో వేశారు.

నంబర్ల కేంద్రం స్టేషన్ దగ్గర ఒక మేడ మీద పెట్టారు. గదికి ఏసీ బిగించారు. మధ్యలో బల్ల, బల్ల మీద కంప్యూటరు, దానికి చామంతి దండ, తెర మీద నిలువుగా కుంకుమ. చెప్పులు మెట్ల కిందే వదలాలి. ప్రారంభోత్సవం నాడు కంప్యూటరు దగ్గర కొట్టిన కొబ్బరికాయ నీళ్లు కీబోర్డులో పడకుండా డిప్యూటీ డైరెక్టరు దక్షిణామూర్తి గారు తన పైపంచె అడ్డం పెట్టారు. ఆయన సంధ్య వార్చనిదే సంతకం పెట్టని మనిషి. ఆడవాళ్లతో మాట్లాడాల్సి వస్తే తలెత్తి సీలింగు వైపు చూస్తూ మాట్లాడతారు.

పని ఎలా జరుగుతుందో ఆపరేటరు కుసుమకుమారి నాకు చెప్పింది. ఆ అమ్మాయి టెంపరరీ. ఆ గదిలో కంప్యూటరు సంగతి తెలిసిన మనిషి ఆమె ఒక్కతే కాబట్టి ఆమెను ఎవరూ ఏమీ అడిగేవాళ్లు కాదు. పడవల నంబర్లన్నీ హైదరాబాదులో పెద్ద కంప్యూటరులో ఉంటాయట. మన కంప్యూటరు పొట్టలో మోడెం అనే ఆకుపచ్చ కార్డు ఉంటుంది. అది టెలిఫోన్ లైను మీద హైదరాబాదుతో మాట్లాడి నంబరు అడుగుతుంది. నంబరు తెర మీదికి రాగానే మౌస్‌తో నొక్కాలి. నొక్కితే కాగితం అచ్చవుతుంది.

మొదటి నంబరు గంగరత్నం అనే ఆవిడకు ఇవ్వాలని నిర్ణయించారు. ఆవిడది రేపల్లె అవతల సముద్రం ఒడ్డు. పాత పడవ తుఫానుకి పోయింది. మొగుడూ ఇద్దరు కొడుకులూ కలిసి కొత్త పడవ చేయించుకుని ఇసుకలో పెట్టుకుని మూడు నెలలయింది. నంబరు లేకుండా నీళ్లలో దింపితే శాఖ జీపు వచ్చి పడవను పట్టుకుపోతుంది. దింపకపోతే ఎండకు చెక్క విచ్చుకుపోతుంది.

"తడి గోతాలు కప్పుతున్నాం బాబూ. ఎన్నాళ్లు కప్పుతాం? ఇంకో రెండు నెలలట్టా ఉంటే పొయ్యిలోకే," అంది ఆవిడ నాతో.

మంత్రిగారు అందరికీ నమస్కారం చేసి మౌస్‌ను ప్రసాదం పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకున్నారు. మోడెం కీచుమని అరిచింది. హైదరాబాదు పలికిందని చప్పట్లు కొట్టాం. అంతే, తెర మీద బాణం గుర్తు బిగుసుకుపోయింది. మంత్రిగారు మౌస్‌ను ఎడమకు తిప్పారు, కుడికి తిప్పారు, చివరికి ఎత్తి చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. మోడెం అరుపు కూడా ఆగిపోయింది.

"కాన్‌ఫ్లిక్ట్ అండి," అంది కుసుమకుమారి.

"ఏంటది?"

"తగవండి. లోపల ఒక్కోదానికి ఒక్కో నంబరుండాలి. మౌసూ మోడెమూ రెండూ నాలుగో నంబరు మీదే కూర్చున్నాయండి. నాలుగు పిలిచిందంటే ఎవరు పిలిచారో తెలీక కంప్యూటరు ఆగిపోద్ది."

తగవు అన్న మాట వినగానే మంత్రిగారి మొహం వెలిగింది. అంతవరకూ ఆ గదిలో ఆయన కొత్తవాడిలా బిక్కుబిక్కుమంటూ ఉన్నారు. ఇప్పుడు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"ముందే చెప్పొద్దటమ్మా! ఇరవయ్యేళ్లుగా నేను చేస్తున్న పనే అది. మౌస్ ఎవరిది? మోడెం ఎవరిది?"

విచారిస్తే, మౌస్ రేపల్లె బాపయ్య గారి ద్వారా వచ్చింది. మోడెం బాపట్ల వెంకటరత్నం గారి ద్వారా వచ్చింది. ఇద్దరూ మంత్రిగారి పార్టీ నాయకులే. ఒకే పార్టీ కాబట్టి ఇద్దరికీ మాటల్లేవు.

"అదీ సంగతి!" అన్నారు మంత్రిగారు. గంగరత్నం వైపు తిరిగి, "పది రోజుల్లో తేల్చేస్తా. నువ్వు వెళ్లమ్మా," అన్నారు. ఆవిడ రేపల్లె ప్యాసింజరుకు వెళ్లింది.

శాంతి చర్చలు ట్రావెలర్స్ బంగళాలో జరిగాయి. కుసుమకుమారి చేత మోడెం కార్డును పెట్టెలోంచి ఊడదీయించి తెప్పించారు. ఒక కుర్చీలో మోడెం, ఎదురు కుర్చీలో మౌస్. రెండింటి వెనకా కండువాలు వేసుకుని ఇద్దరు నాయకులు. మధ్యలో మంత్రిగారు. కుర్చీల ఎత్తు సమానంగా ఉందో లేదో దక్షిణామూర్తి గారు టేపుతో కొలిచారు.

"మా మౌస్ కంప్యూటరుతో పాటే వచ్చిందండి," అన్నారు బాపయ్య గారు. "నాలుగో నంబరుకి స్థానికుడు. ఆ మోడెం మొన్న దిగింది. వచ్చీరాగానే మా సీట్లో కూచుంటే రేపల్లె ఊరుకుంటదా?"

"మా మోడెం హైదరాబాదుతో డైరెక్టుగా మాట్లాడుద్ది," అన్నారు వెంకటరత్నం గారు. "మీ మౌస్ బల్ల దాటి ఎప్పుడన్నా బయటికి పోయిందా? తోకతో కట్టేసి ఉంది."

"తోక సంగతి ఎత్తితే బాగుండదు."

"ఉన్నమాటే అన్నా."

మంత్రిగారు చెయ్యెత్తి, నాయకుల సంగతి సరే, అసలు వాళ్లు ఏమంటారో విందామన్నారు. అందరం రెండు నిమిషాలు మౌస్ వైపూ మోడెం వైపూ చూశాం. ఏమీ అనలేదు. ఇరుపక్షాలూ సంయమనం పాటించినట్టు దక్షిణామూర్తి గారు మినిట్స్‌లో రాశారు. మంత్రిగారు మౌస్‌ను తిరగేసి చూశారు, మోడెంను తిరగేసి చూశారు. రెండింటి అడుగునా మేడ్ ఇన్ తైవాన్ అని ఉంది.

"చూశారా! సొంత ఊరివాళ్లు!" అని ఆయన నిట్టూర్చారు. "ఒక ఊరివాళ్లయితేనే గదా గొడవ ఇంత ముదిరేది. పొద్దున మౌస్, మధ్యాహ్నం మోడెం, వంతులు వేసుకోండి."

"రెండూ ఒకేసారి పనిచెయ్యాలండి," అంది గుమ్మం దగ్గర నుంచి కుసుమకుమారి.

"ఒకేసారి కావాలనుకోబట్టే దేశం ఇట్టా ఉందమ్మా," అన్నారు మంత్రిగారు. ఆ మాట మర్నాడు నా వార్తకు హెడ్డింగు అయింది.

వంతులకు ఇద్దరు నాయకులూ ఒప్పుకోలేదు. మధ్యాహ్నం నిద్రవేళ బాపట్లకు ఇస్తారా అని వెంకటరత్నం గారు లేచి వెళ్లిపోయారు. పది రోజులు దాటాక గంగరత్నం మళ్లీ వచ్చింది. వచ్చే సోమవారం రమ్మన్నారు. ఆ సోమవారం వచ్చింది, పై సోమవారం రమ్మన్నారు. ఆవిడ పొద్దున్నే రైలు దిగి కేంద్రం మెట్ల కింద చెప్పులు వదిలి, గుమ్మం పక్కన బల్ల మీద సాయంత్రం దాకా కూర్చుని వెళ్లేది. ఒక్కనాడూ గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు కాస్త సుఖంగా ఉండేది.

ఇక లాభం లేదని దక్షిణామూర్తి గారు హైదరాబాదు ఇంజనీరుకు ఎస్టీడీ చేశారు. పక్కన నేనున్నాను. లైనులో గరగర. అవతలి మనిషి అరిచి చెబుతున్నాడు కాబట్టి నాకూ వినిపించింది.

"ఏముంది సార్, మోడెంకి జంపర్ మార్చండి. ఇప్పుడు నాలుగు మీదుంది. మూడుకి పెట్టండి. అంతే."

దక్షిణామూర్తి గారి చెవులు ఎర్రబడ్డాయి. గదిలో కుసుమకుమారి ఉంది. ఆయన రిసీవరుకు చెయ్యి అడ్డం పెట్టి, "ఫోన్లో ఇలాంటి మాటలేంటండీ, పక్కన ఆడపిల్లలుంటారు," అని పెట్టేశారు.

మా వైపు పెద్దవాళ్లు ఆడవాళ్ల జాకెట్టును ఇప్పటికీ జంపరనే అంటారు. దక్షిణామూర్తి గారు పెద్దవారు.

నన్ను మెట్ల మీదికి తీసుకెళ్లి గొంతు తగ్గించి అడిగారు. "నాలుగు మీదుందన్నాడు, మూడు పెట్టమన్నాడు. హుక్కులంటావా?"

"అయ్యుండొచ్చండి. ఆ అమ్మాయిని ఒకమాట అడిగితే..."

"శివశివా! పెళ్లి కావలసిన పిల్లను జంపరు గురించి ఎలా అడుగుతానయ్యా? పై అధికారిని. ఏమనుకుంటుంది?"

ఆయన మర్యాద ముందు నేను చిన్నబోయాను. ఆ సాయంత్రమే అత్యంత గోప్యం అన్న ఎర్ర చీటీతో ఒక ఫైలు తెరుచుకుంది. విషయం: మోడెమునకు మూడు హుక్కుల వస్త్రము. ఆడపిల్ల కంటపడకుండా కుసుమకుమారిని వారం రోజులు సెలవు మీద పంపించి, అంగలకుదురు నుంచి ఒక టైలరును పిలిపించారు.

టైలరు టేపు మెడలో వేసుకుని గదంతా చూశాడు. "మనిషేరండి?"

దక్షిణామూర్తి గారు పళ్లెంలో మోడెం కార్డు పెట్టి చూపించారు.

టైలరు నలభయ్యేళ్ల అనుభవమున్న మనిషి. ఆశ్చర్యపోవడం మానేసి చాలాకాలమైంది. వంగి పొడవు, వెడల్పు తీసుకున్నాడు. "ఇంతేనా అండి, ఇంకా ఏమన్నా ఒళ్లు చేసుద్దా?"

"తెలీదు. హైదరాబాదు వాళ్లు ఏమీ చెప్పలేదు."

"అయితే అరంగుళం లూజు పెడతా. చేతులు?"

"వద్దు."

"కింద ఈ బంగారు రంగు పళ్లు?"

"అవి లోపల దిగాలట. వదిలెయ్."

వెంకటరత్నం గారికి ఈ సంగతి ఎలా పొక్కిందో పొక్కింది. బాపట్ల నుంచి రెండు జీపుల్లో మనుషులతో వచ్చారు.

"మౌస్‌కి ఏమీ లేదు, మా మోడెంకి జంపరు తొడుగుతారా? బాపట్లలో మగాళ్లు లేరనా మీ ఉద్దేశం? జిల్లా అంతా నవ్వుద్ది!"

మంత్రిగారు హుటాహుటిన వచ్చారు. అటువంటి ఘట్టాల్లోనే ఆయన గొప్పతనం బయటపడుతుంది. ఒక్క నిమిషం ఆలోచించి, మౌస్‌కు కూడా జంపరు కుట్టమన్నారు. ఒకటే తాను, ఒకటే రంగు, హుక్కులు సమానం. పక్షపాతమన్న మాటకు తావులేదు. బాపయ్య గారు రేపల్లె తరఫున గట్టిగా అభ్యంతరం చెప్పారు గాని, బాపట్లకు వేసి మనకు వెయ్యకపోతే అదింకా అవమానం కదా అని మంత్రిగారు అడిగేసరికి, అయితే మాది పట్టుబట్టతో కుట్టమన్నారు. చివరికి రెండూ పట్టుతోనే కుట్టారు.

సెలవు నుంచి వచ్చిన కుసుమకుమారిని పిలిచి మోడెం కార్డును పెట్టెలో పెట్టమన్నారు. పళ్లెంలో గంధం రంగు పట్టుజాకెట్టు తొడుక్కుని మోడెం ఉంది. పక్కన అదే గుడ్డతో మౌస్. ఆ అమ్మాయి అటూ ఇటూ చూసింది.

"ఏంటండీ ఇది?"

"జంపరమ్మా," అన్నారు దక్షిణామూర్తి గారు సీలింగుతో. "హైదరాబాదు వాళ్లు మార్చమన్నారు. నువ్వేమీ అనుకోకు. ఆఫీసు పని."

కుసుమకుమారి ముందు నవ్వింది. ఎంతసేపటికీ ఆపుకోలేక గోడ వైపు తిరిగి నవ్వింది. తరవాత కళ్లు తుడుచుకుని మూడు హుక్కులూ విప్పి, కార్డును బయటికి తీసి వెలుతురుకు పట్టుకుంది.

"జంపరంటే ఇదండీ."

వంగి చూశాం. కార్డు మీద వరసగా సూదుల్లాంటి చిన్న చిన్న పుల్లలు. రెండు పుల్లలను కలుపుతూ ఒక నల్లటి ముక్క, మినపగింజ కన్నా చిన్నది.

"దీన్ని ఇక్కణ్ణుంచి తీసి పక్క పుల్లల మీద పెడితే మోడెం మూడుకెళ్లిపోద్ది. మౌస్ నాలుగులోనే ఉంటుంది. ఇంక తగవే ఉండదు. నిమిషం పనండి," అని జడలోంచి పిన్ను తీసింది.

బల్ల మీద కూర్చున్న గంగరత్నం లేచి నిలబడింది. ఆవిడ రావడం అది తొమ్మిదోసారి. "ఆ పిన్నుతో అయిపోద్దా అమ్మా?"

"అయిపోద్ది పిన్నీ."

"ఆగు!" అన్నారు దక్షిణామూర్తి గారు.

ఆయన గొంతు అలా వినడం నాకు అదే మొదటిసారి. నాలుగు నుంచి మూడుకు పంపడమంటే బదిలీ. జూన్ నుంచి రాష్ట్రంలో బదిలీల మీద నిషేధం ఉంది. అటెండరును ఈ బల్ల నుంచి ఆ బల్లకు మార్చాలన్నా సచివాలయం అనుమతి కావాలి. పైగా బదిలీ చేస్తున్నది టెంపరరీ ఆపరేటరు, హెయిర్ పిన్నుతో.

"రూలు ఒప్పుకోదమ్మా. రేపు ఆడిట్ వాళ్లు మోడెం ఎందుకు మూడులో ఉందని అడిగితే ఎవరు చెబుతారు?"

"ఎవరూ అడగరండి. లోపలుంటుంది, కనపడదు."

"కనపడనివే అడుగుతారు."

కుసుమకుమారి పిన్ను మళ్లీ జడలో పెట్టుకుంది. గంగరత్నం కూర్చోలేదు. "చెక్క విడిపోయింది బాబూ. వేలు దూరుతుంది," అని ఎవరివైపూ చూడకుండా అంది. నేను ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. ఆఫీసుకు వెళ్లి, మోడెం బదిలీపై నిబంధనలకు కట్టుబడిన అధికారి అని వార్త రాశాను. అది రాసిన చేత్తో ఆ పూట అన్నం తినబుద్ధి కాలేదు.

నిషేధం సడలించడానికి మంత్రిగారు మూడుసార్లు హైదరాబాదు వెళ్లారు. నెల తిరగకుండానే ఒక్క మోడెముకు, ఒక్కరోజుకు, సడలింపు జీవో తెచ్చారు. తెచ్చిన రోజు తెనాలి స్టేషన్‌లో మేళం పెట్టాం. సరిగ్గా అప్పుడు బాపయ్య గారు వచ్చి ప్లాట్‌ఫారం మీదే కూర్చున్నారు.

"నాలుగు కన్నా మూడు పైదా కాదా అండి? ఫస్టు, సెకండు, థర్డు, ఆ తరవాతే గదా ఫోర్తు? బాపట్లకి ప్రమోషనిచ్చి రేపల్లెని నాలుగులోనే కుళ్లబెడతారా? నా కార్యకర్తలకి నేనేం చెప్పుకోను?"

వెంకటరత్నం గారు నవ్వుతూ అవతలి బెంచీ మీద కూర్చున్నారు. ఆయన అలా నవ్వడమే బాపయ్య గారిని ఎక్కువ బాధపెట్టింది.

మంత్రిగారు ఒక చేత్తో బాపయ్య గారిని లేపి, రెండో చేత్తో జీవో మీద ఒక ముక్క చేర్చారు. రెండింటినీ మూడుకు ప్రమోట్ చేయవలెను.

"రెండూ మూడుకొస్తే మూడులో కొట్టుకుంటాయండి!" అంది కుసుమకుమారి.

"ఎందుకు కొట్టుకుంటాయమ్మా?" అన్నారు మంత్రిగారు ఓపికగా. "తగవు నాలుగు కోసం. నాలుగే తీసేశాం. ఇంక దేనికోసం కొట్టుకుంటాయి?"

అందరం మేళంతో కేంద్రానికి వెళ్లాం. రాతపూర్వకంగా ఆదేశాలిచ్చారు కాబట్టి కుసుమకుమారి పిన్నుతో మోడెం జంపరును మార్చింది. మౌస్ తోకను వెనక ఇంకో కన్నంలో గుచ్చింది. ఇద్దరూ మూడు మీదికి వచ్చారు. మళ్లీ చామంతి దండ, మళ్లీ కొబ్బరికాయ, మళ్లీ పైపంచె. మంత్రిగారు మౌస్ పట్టుకున్నారు. మోడెం కీచుమంది. బాణం బిగుసుకుపోయింది.

మంత్రిగారు లేచి పంచె సర్దుకున్నారు.

"గమనించారా? ఇంతకుముందు నాలుగో స్థాయిలో ఉన్న తగవు ఇప్పుడు మూడో స్థాయికి వచ్చింది. ఇది మొదటి స్థాయికి చేరేసరికి మన శాఖ ఎక్కడుంటుందో ఊహించుకోండి!" అని కారెక్కారు. నాయకులిద్దరూ, చప్పట్లు కొట్టినవాళ్లూ ఆయన వెనకే వెళ్లారు. దక్షిణామూర్తి గారు, కుసుమకుమారి, గంగరత్నం, నేను మిగిలాం.

గంగరత్నం బల్ల దగ్గరికి వచ్చింది. "బాబుగారూ, ఒకమాట. ఆళ్లిద్దరూ మూడుకెళ్లిపోయారు గదా. ఇప్పుడు నాలుగు ఎవరిదండి?"

"నాలుగు ఎవరిదీ కాదు," అన్నారు దక్షిణామూర్తి గారు సీలింగు చూస్తూ. "ఖాళీ."

"ఖాళీగా ఉన్నట్టు కాయితం ఇస్తారా?"

ఆయన తల దించి ఆవిడ వైపు చూశారు. మూడు నెలలుగా అందరూ ఆయన్ను ఆయన చేయలేనివే అడుగుతున్నారు. కాగితం ఇమ్మని అడిగిన మొదటి మనిషి ఈవిడ. ఆయన మొహంలో వచ్చిన సంతోషం చూసి నాకు కూడా సంతోషమేసింది.

"ఎందుకివ్వనూ? ఉన్నదున్నట్టు రాయడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు," అని లెటర్‌హెడ్ మీద స్వయంగా రాశారు. ఈ కార్యాలయమునందు నాలుగవ నంబరు ఖాళీగా ఉన్నదని, ప్రస్తుతము దానిపై ఎవరికిని హక్కు గాని, తగాదా గాని లేదని, గంగరత్నం కోరికపై ధృవీకరించడమైనది. సంతకం, తేదీ, గుండ్రటి స్టాంపు, పక్కన పలకల స్టాంపు.

కుసుమకుమారి ఆ కాగితాన్ని చదివి గంగరత్నానికి వినిపించింది. చివరి లైను రెండుసార్లు చదివింది. "మీ ఇంట్లో తెల్ల రంగుందా పిన్నీ?" అని అడిగింది.

"కొంటాలే అమ్మా," అంది గంగరత్నం.

తరవాతి సంగతులు నాకు చెప్పుడు మాటలే. ఇసుకలో పడవ పగుళ్లకు నారా, తారూ కూరారట. రెండు పక్కలా తెల్లరంగుతో నాలుగో నంబరు వేశారట. జీపు వచ్చిందట. ఇన్‌స్పెక్టరు దిగి, నంబరు ఉందా అని చూశాడు, ఉంది. కాగితం ఉందా అని అడిగాడు, ఇచ్చారు. రెండు స్టాంపులూ చూసి, కాగితాన్ని కళ్లకద్దుకోవడం ఒక్కటే తక్కువగా తిరిగిచ్చి వెళ్లిపోయాడట. పడవ నీళ్లలో దిగింది. మొదటి రెండు రోజులూ నీళ్లు తోడుతూనే ఉన్నారట, మూడో రోజుకు చెక్క ఉబ్బి సర్దుకుందట. ఆ వారంలో రేపల్లె బస్టాండు దగ్గర జెరాక్సు షాపు ముందు చేపలవాళ్లు బారులు తీరారని మా రేపల్లె విలేకరి వార్త పంపించాడు. ఎందుకో రాయలేదు. రెండో వారానికి బాపట్ల వైపు జెరాక్సు షాపుల్లో కాగితం అయిపోయింది. తీరం పొడవునా రంగు డబ్బాలకు గిరాకీ అని పిట్టలవానిపాలెం నుంచి ఇంకో వార్త వచ్చింది.

మార్చి చివర్లో శాఖ నివేదిక వచ్చింది. ఆ ఫారంలో రెండే గడులుంటాయి. నంబరు ఉన్న పడవలు, నంబరు లేని పడవలు. మొదటి గడిలో నూట పన్నెండు. రెండో గడిలో అడ్డగీత. రాష్ట్రంలో నూటికి నూరు శాతం కంప్యూటర్ నంబర్లు సాధించిన తొలి శాఖగా దశరథరామయ్య గారికి హైదరాబాదులో శాలువా కప్పారు. సమస్యను ఓర్పుగా పరిష్కరించిన తీరు గురించి ఆయన అక్కడ నలభై నిమిషాలు మాట్లాడారు. దక్షిణామూర్తి గారికి ప్రశంసాపత్రం ఇచ్చారు. కుసుమకుమారి టెంపరరీ గడువు అయిపోయింది.

శాలువా కప్పిన వారానికి, నూట పన్నెండు పడవలకూ మంత్రిగారు పచ్చజెండా ఊపి సముద్రంలోకి పంపే కార్యక్రమం పెట్టారు. పొద్దున తొమ్మిదింటికి. రేపల్లె అవతల ఒడ్డున, నీళ్లకు రెండు వందల గజాల దూరంలో, మంత్రిగారు నీళ్లకు వీపు పెట్టి నిలబడేలా వేదిక వేశారు. బాపయ్య గారు ఒక పక్క, వెంకటరత్నం గారు ఇంకో పక్క. ఫొటోగ్రాఫరు సర్దుకున్నాడు. మంత్రిగారు జెండా పట్టుకుని, ధైర్యం కూడగట్టుకుని, మెల్లగా సముద్రం వైపు తిరిగారు.

ఇసుక మీద వలలు ఆరేసిన కర్రలు తప్ప ఏమీ లేవు. చివర్న గంగరత్నం ఒక్కతే గంప బోర్లించి దాని మీద కూర్చుని ఉంది. కేంద్రం గుమ్మం పక్కన బల్ల మీద కూర్చున్న మనిషి ఈవిడేనంటే ఒప్పుకోవడం కష్టం. తమలపాకు నములుతోంది.

"పడవలేవమ్మా?" అని మంత్రిగారు మైకులోనే అడిగారు.

"నాలుగింటికే ఎల్లిపోయినయ్యండి."

మంత్రిగారు వేళ్ల మీద లెక్కవేసుకున్నారు. దక్షిణామూర్తి గారి చేతిలోని నివేదిక ఒకసారి చూశారు. జెండా ఎత్తి పట్టుకునే ఉన్నారు.

"నాలుగు వెళ్లాయి, సరే. మిగతా నూట ఎనిమిదో?"

"అయ్యీ నాలుగేనండి," అంది గంగరత్నం.